పెరట్లో సీసం

మా పాప రెండో ఏట మట్టి తినడం మొదలుపెట్టింది. పిల్లలు తింటారు, మానేస్తారు. కానీ నాచారంలోని మా పెరటి గోడకు అవతల ఒకప్పుడు పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే షెడ్డు ఉండేది. అది మూతబడి చాలా ఏళ్లయింది. మైక్రోబయాలజీ చదివినదాన్ని, మనసు ఊరుకోక గోడ పక్క మట్టిని మా కాలేజీకి పట్టుకెళ్లాను. అందులో సీసం ఉందని తేలింది.

ఉప్పల్‌లో పాపకు రక్తపరీక్ష చేయించాం. "భయపడేంత లేదు, ఇక మట్టి మాత్రం నోట్లోకి పోనివ్వకండి" అన్నారు డాక్టర్. ఆ రోజు నుంచి దాన్ని పెరట్లో దించలేదు. తలుపు దగ్గర నిలబడి ఏడ్చేది. ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

కాలేజీలో మాకు పాఠం చెప్పిన మేడమ్ ఒక దారి చూపారు. "బయటి బ్యాక్టీరియా వద్దు. ఆ సీసంలో ఇన్నేళ్లు బతికినవే మనకు కావాలి. వాటినే పెంచి మళ్లీ అక్కడే పోద్దాం" అన్నారు. అవి సీసాన్ని మాయం చేయవు. నీళ్లలో కరగకుండా మార్చి మట్టిలోనే కట్టిపడేస్తాయి. మా గోడ మొదట్లోని మట్టి నుంచి వేరుచేసి ల్యాబ్‌లో పెంచినవాటిని డబ్బాల్లో ఇచ్చారు. మేతగా బెల్లం నీళ్లు, కొంచెం యూరియా కలిపి గోడ పొడవునా పోశాం.

మూడో రోజుకి పెరడంతా మూత్రం కంపు. నాకు సంతోషం. యూరియా విరిగి అమ్మోనియా కంపు వస్తోందంటే అవి బతికాయన్నమాట. ఆ సంగతి అత్తమ్మకు చెప్పడమే మరిచాను. బోడుప్పల్‌లో అక్కను చూసి వచ్చేసరికి గోడ పొడవునా తెల్లటి పొడి. కాలువలకు బ్లీచింగ్ చల్లే మున్సిపాలిటీ అతన్ని అత్తమ్మ లోపలికి పిలిచి, చాయ్ పోసి మరీ చల్లించారు.

"పిల్లి గలీజు జేసిందనుకున్న. పిల్లలున్న ఇల్లు బిడ్డా, జర ఎక్కువ సల్లు అని నేనే జెప్పిన."

"పిల్లి కాదు అత్తమ్మా, నేను పెంచిన పురుగులు. అన్నీ సచ్చిపోయినయ్."

"ఇంట్ల పురుగులు సస్తే ఏడ్సే కోడల్ని గిప్పుడే సూస్తున్న" అన్నారు. నాకు ఏడుపుతోపాటు నవ్వూ వచ్చింది.

ల్యాబ్‌లో కొన్ని దాచి ఉంచారు కాబట్టి బతికిపోయాం. బ్లీచింగ్ ఘాటు పోయేదాకా ఆగి మళ్లీ పోశాం. ఈసారి కాపలా అత్తమ్మదే. పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లి, "ఇయ్యాల కంపు మంచిగొస్తున్నది" అని చెప్పేవారు. మున్సిపాలిటీ అతను గేటు దగ్గర కనబడితే, "ఇటు రాకు బిడ్డా, మా పురుగులు సస్తయి" అనేవారు. అతనికి ఏమర్థమైందో తెలియదు.

కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాం. మట్టిలో సీసం ఉన్నంతా ఉంది, నీళ్లలోకి దిగేది మాత్రం బాగా తగ్గింది. "అయినా దాని మీద ఆడనివ్వకు, పైన కప్పు" అన్నారు మేడమ్. పరీక్ష చేయించిన మంచి మట్టిని మందంగా పరిచి గడ్డి వేయించాం.

గడ్డి పట్టాక, పోయిన వారం పాపను చంక దించాను. రెండడుగులు వేసి కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టింది. చెయ్యి నోటిదాకా వెళ్తుందేమోనని పక్కనే వంగి నిలబడ్డాను. వెళ్లలేదు. కాసేపటికి నడుం నొప్పి పుట్టి, నేనూ దాని పక్కన కూర్చున్నాను.