మాణిక్యం ముఖం

నాగాయలంక అవతల, సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంట పుట్టాడు కాశీరావు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క పేరమ్మ పెంచింది. చేపల గంప మోసి అతన్ని ఎమ్మెస్సీ దాకా చదివించింది. పందొమ్మిది వందల డెబ్బై అయిదు నాటికి అతను విజయవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు.

ఫిల్ము లేకుండా ఫొటో తీసే సిలికాన్ పలకల గురించి ఏదో విదేశీ పత్రికలో చదివినప్పటినుంచి అతనికి వేరే ధ్యాస లేదు. ఆ పలక నిండా సన్నటి గళ్ళుంటాయి. తన మీద పడిన వెలుతురునంతా ఒక్కో గడి కలిపేసి ఒక్క అంకెగా చెబుతుంది. గడి పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది. మరీ చిన్నదైతే వెలుతురు చాలక మచ్చలు పడుతుంది. ఎంత గడి అయితే బొమ్మ తేటగా వస్తుందన్నదే అతని ప్రశ్న. అలాంటి పలకను అతను కంటితో చూసింది లేదు. గ్రాఫు కాగితాన్నే పలక అనుకుని, గళ్ళు మారుస్తూ లెక్కలు కట్టేవాడు.

పేరమ్మకు మొగుడు లేడు. ఒక్కతే కూతురు, మాణిక్యం. సెలవులకు వెళితే ఆ పిల్ల మేనమామ పక్కనే కూర్చుని పెన్సిలు చెక్కి ఇచ్చేది.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. ఆ రోజు పేరమ్మ ఎండుచేపలు అమ్మడానికి పామర్రు వెళ్ళింది. పిల్లను పక్కింట్లో వదిలింది. నీళ్ళు తీశాక చూస్తే పక్కిల్లూ లేదు, తన ఇల్లూ లేదు. మాణిక్యం శవం కూడా దొరకలేదు. కాశీరావు అక్కను విజయవాడ తెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళకు ఊరి బడిపంతులు బసవయ్యగారు వెతుక్కుంటూ వచ్చి పాత పేపరు ముక్క ఒకటి ఇచ్చారు. ఉప్పెనకు ముందు, ఊళ్ళో బడి తెరిచిన రోజు పిల్లలందర్నీ నిలబెట్టి తీసిన ఫొటో. రెండో వరసలో కందిగింజంత ముఖం, మాణిక్యానిది. ఆ పిల్లకు వేరే ఫొటో లేదు.

"కాశీ, నువ్వు బొమ్మలు తేటగా వచ్చే లెక్కలు చేత్తావు గదా. దీన్ని తేట చెయ్యరా" అంది పేరమ్మ.

"చూస్తానక్కా" అన్నాడు.

భూతద్దం పెట్టి చూస్తే అక్కడ ముఖం లేదు, సిరా చుక్కలున్నాయి. చుక్క కూడా గడి లాంటిదే. అందులో కలిసిపోయింది మళ్ళీ విడిపోదని అతనికి తెలుసు. అయినా కాలేజీ నుంచి రాగానే కూర్చుని చుక్కల మధ్య నలుపుతెలుపులు లెక్కగట్టి నింపాడు. ముఖం నునుపు తేలింది తప్ప మాణిక్యం రాలేదు.

చివరికి గవర్నరుపేటలో స్టూడియో నడిపే శౌరయ్య దగ్గరకు వెళ్ళాడు.

"కళ్ళూ ముక్కూ నేను దిద్దేస్తానండి. అందరికీ అలాగే చేస్తాం" అన్నాడు శౌరయ్య.

కాశీరావు కాదనలేకపోయాడు. ఫ్రేము కట్టించి తెచ్చాడు. పేరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగుంది. ఎవరి పిల్లరా?"

కాశీరావు ఫొటోలో కళ్ళను వేలితో చూపించాడు. "ఈ కళ్ళు శౌరయ్య గీసినవి అక్కా. పేపర్లో దాని కళ్ళు పడనేలేదు. ఎంత లెక్క కట్టినా రావు."

ఆమె తిట్టలేదు. "మరి నువ్వు చూశావుగా. చెప్పు, ఎట్టా ఉండేది?"

అతను చెప్పాడు. కుడి కనుబొమ్మ మీద గాటు, పెద్ద చెవులు, పెన్సిలు చెక్కేటప్పుడు ముడిపడే నుదురు. నోటి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాడు.

"నాకూ అంతేరా" అంది పేరమ్మ. "నవ్వడం గుర్తుంది. నోరు గుర్తు రావట్లేదు. అందుకే అడిగా."

ఆ వేసవిలో ఆమె ఊరికి వెళ్ళిపోయింది, కొత్తగా వేసిన పాకల్లోకి. కాశీరావు పలక గళ్ళ లెక్కలు పూర్తిచేశాడు. అవి ఒక పత్రికలో అచ్చయ్యాయి. ఆ వారం అతను అక్క దగ్గరికి వెళ్ళాడు గాని, ఆ సంగతి ఎత్తలేదు. ఇద్దరూ పొద్దువాలేదాకా ఇసుకలో చేపలు ఎండబెట్టారు.