లారీ కింద తమ్ముడు, పైన నా అనుమానం

నాన్న నడిపిన పాత లారీని తమ్ముడు ఇంకా వదల్లేదు. రేపు క్యాబేజీ లోడుతో అరకు నుంచి ఘాట్ దిగాలి, బ్రేకులేమో సరిగ్గా పట్టడం లేదు. అందుకని ఈ సాయంత్రం ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక చక్రాన్ని జాకీతో లేపి, కిందికి దూరాడు. డ్రమ్ము లోపలి బ్రేకు షూలను బిగించి, మళ్లీ చక్రం తిరిగేదాకా కాస్త వదులు చేయాలట. చక్రం తిప్పి చూడడం నా పని.

తిప్పాను. కదల్లేదు.

"ఇంకా బిగుతేరా."

"వదులు సేసేను కదక్కా! ఇప్పుడు?"

"ఇప్పుడూ అంతే."

ఇలా చాలాసేపు నడిచింది. చివరికి, ఇంక వదులు చేయడానికేమీ మిగల్లేదంటూ వాడు బయటికొచ్చి క్యాబిన్‌లోకి తొంగి చూశాడు.

"హ్యాండు బ్రేకు ఎవులేసేరు?"

"నేనే. నువ్వు కింద ఉన్నావు, నాకా రాళ్ల మీద నమ్మకం కుదరలేదు."

"ఓలమ్మో! బ్రేకేసీసి, సక్రం తిరగట్నేదని నాకే సెప్తన్నావా?"

పాపం, పనంతా మళ్లీ మొదలుపెట్టాడు. అంతా అయ్యాక తన రాళ్లు తీసేసి లారీ స్టార్ట్ చేశాడు. అది గట్టిగా మూలిగింది గానీ కదల్లేదు. దిగి అవతలి వైపు చూశాడు.

"ఈ బండరాళ్లు కూడా నువ్వేనా?"

"హ్యాండు బ్రేకు వేస్తే కోప్పడ్డావు కదరా!"

వాడు వాటిని పక్కకు దొర్లించి, బండిని కాస్త ముందుకు నడిపి ఆపి చూశాడు. బ్రేకులు మాత్రం బాగా కుదిరాయి. అయినా రేపు ఘాట్‌లో బండి ఆపాల్సి వస్తే పనికొస్తాయని, ఆ బండరాళ్లను వాడి సీటు వెనక దాచాను. వాడికి చెప్పనా, మాననా?