గండికోట నుంచి నేను పడలేదు

చీరకు కథ కట్టకపోతే అది అమ్ముడుపోదు. ప్రొద్దుటూరులో ఇరవై ఐదేళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్న నాకు తెలిసిన వ్యాపార రహస్యం ఇదొక్కటే. ఆకుపచ్చ చీర తీసి పరిస్తే, దీన్ని నేసినాయనకు చీర మగ్గం దిగిన రోజే కవలలు పుట్టారని చెబుతాను. కొన్న ఆవిడ ఇంటికి పోయి చీరతో పాటు కవలల్ని కూడా చూపించినంత పని చేస్తుంది.

నా కథలన్నిట్లో పెద్దది గండికోట కథ. పదేళ్లప్పుడు గాలిపటం కోసం లోయ అంచుదాకా పోయాను, కాలు జారింది, సగం దూరంలో ఒక రేగుచెట్టు నా చొక్కా పట్టుకుంది, కింద పెన్నలో నీళ్లు తాగుతున్న గొర్రెలు తలలెత్తి చూశాయి. ఆ దెబ్బకు జమ్మలమడుగులో మా ఇంట్లో రెండు నెలలు మంచం పట్టాను. మంచం పట్టింది నిజం. మిగతాది చెప్పీ చెప్పీ, ఎక్కడిదాకా నిజమో నాకే తెలియకుండా పోయింది.

పోయినేడు చీరల మూటతో మేడమెట్లు ఎక్కుతుంటే ఊపిరి అందలేదు. మా ఊరి డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, గుండెలో ఒక కవాటం ఇరుకైందని చెప్పి, మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అది ఏ ఊరిదో చెప్పను. అక్కడి నర్సమ్మలు పండగలకు నా కొట్టుకే వస్తారు, నా పరువు నాకు ముఖ్యం.

చేరిన రోజు నుంచే నా మంచం చుట్టూ తెల్లకోట్లు మూగాయి. వాళ్లంతా చివరి ఏడాది పిల్లలు. పరీక్ష మూడు వారాలుంది. అది గట్టెక్కితే ఒక ఏడాది హౌస్ సర్జన్లుగా ఇదే వార్డులో ఊడిగం, ఆపైన పీజీ ప్రవేశపరీక్ష. అంత చదువు చదివే వాళ్లను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. టీ వచ్చేలోపు కూడా, రోగి ఛాతీ తట్టి చూసే సాధనకని, ఎడమచేతి వేలిని బల్ల మీద ఆనించి కుడిచేతి వేలితో దాని మీద తట్టుకుంటారు. గుల్లగా మోగిందా గట్టిగా మోగిందా అని తలవంచి వింటారు. ఒక పిల్ల జడ అల్లుకుంటూ కాలేయం మీద వ్యాసమంతా ఒప్పజెప్పింది, ఒక్క పాయ తప్పలేదు. ఫోనులో పాఠాలు రెండింతల వేగంతో పెట్టుకుని వింటారు. నాకు ఈగ ముసురుతున్నట్టు వినబడితే వాళ్లు తలాడిస్తూ రాసుకుంటారు. కిటికీలోంచి రోడ్డు మీద పోయే మనిషిని వెనక నుంచి చూసి, "ఆ నడక చూడు, ఎడమ కాలు నరం" అనేవాళ్లు. నాకు ఒళ్లు జలదరించేది. నా కొట్టు ముందు నుంచి రోజూ వేయి మంది పోతారు, వాళ్ల చీరలు తప్ప నేనేమీ చూడలేదు.

పక్క మంచం మీద వేముల ఊరి రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన పొట్టలో ప్లీహం బొడ్డుదాకా పెరిగింది. దాన్ని ఆయన పందెం కోడిని చూసుకున్నట్టు చూసుకునేవాడు.

"పరీక్షలో నా స్ప్లీన్ పట్టుకున్నోడు ఇంతవరకూ తప్పలేదప్పా," అన్నాడు నాతో. "నీదేంది, గుండె కదా? అది కంటికి కనపడదు. శానా కష్టం పిల్లోళ్లకు."

పరీక్ష ఎట్లా జరుగుతుందో ఆయనే చెప్పాడు. ప్రశ్నపత్రం మనిషే. చీటీ తీస్తే ఒక మంచం నంబరు వస్తుంది. ఆ మంచం మీది మనిషిని ముక్కాలు గంట అడిగి, తాకి, విని జబ్బు తేల్చాలి. ఆ తర్వాత బయటి ఊరి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ముందు నిలబడి చెప్పాలి. ఇంకో మాట కూడా చెప్పాడు గొంతు తగ్గించి. పరీక్షలో రోగులు పిల్లల చెవిలో జబ్బు పేరు ఊదుతారట. అది అక్కడి ఆనవాయితీ.

"పాపం పిల్లోళ్లు గదా. నువ్వు కూడా నీ జబ్బు పేరు నేర్చుకో మామా," అన్నాడు. రెండు రోజుల్లో నేర్చుకున్నాను. మైట్రల్ స్టెనోసిస్. చీర పేరు లాగా బాగుంది.

అయితే నా నోరు ఊరుకోదు కదా. చేరినప్పుడు ఒక హౌస్ సర్జన్ అబ్బాయి చిన్నప్పటి జబ్బులన్నీ చెప్పమన్నాడు. గండికోట చెప్పాను. "ఎంత ఎత్తు నుంచి సార్?" అని కళ్లు పెద్దవి చేసి మొత్తం కేసుషీటులో రాసుకున్నాడు. కీళ్లనొప్పులు వచ్చాయా అంటే, "అంత ఎత్తు నుంచి పడితే రావా నాయనా," అన్నాను. దెబ్బ వల్ల అని రాశాడు. గొర్రెల్ని మాత్రం వదిలేశాడు, అది నాకు బాధ.

వరండా బెంచీ మీద ఒక పిల్ల ఒక్కతే కూర్చుని చదువుకునేది. ఆమెది చక్రాయపేట దగ్గర పల్లె. మిగతా వాళ్లతో కలిసేది కాదు, నా మంచం దగ్గరకు రాలేదు.

"ఆ పాప పోయినసారి తప్పింది," అన్నాడు వేముల ఆయన. "ముసలాయమ్మ ఒకామె చెవిలో పేరు చెప్పింది. ఈ పాప ఇన్నది ఒకటి, ఆయమ్మ చెప్పింది ఒకటి. పెద్దామె గదా, తెలిసే చెప్తాందనుకొని అదే చెప్పింది సార్లకు. ఆ పేరు ఆయమ్మది కాదు మామా! ముందురోజు అదే మంచంలో పండుకున్నామెది!"

"అయ్యో."

"ఈ తూరి తప్పితే పుస్తకాలు సర్దుకొని ఇంటికొస్తా, మళ్లా రానని వాళ్ల అమ్మతో ఫోన్లో అంటాంది. నేను విన్నా."

ఆమెతో చదివిన వాళ్లు అప్పటికే హౌస్ సర్జన్లు. మా వార్డులోనే రక్తాలు తీస్తూ తిరిగేవాళ్లు. వాళ్లు పలకరిస్తే ఆమె పుస్తకంలోకి తల దించుకునేది.

పరీక్ష రోజు నా మంచం చుట్టూ పచ్చతెర కట్టారు. తెర తొలగించుకుని వచ్చింది ఆ పిల్లే. చీటీలో నా నంబరు పడింది. ముఖాన రంగు లేదు. నాకు జాలేసింది. ఆమె నోరు తెరవకముందే వంగి, "పాపా, మైట్ర..." అన్నాను.

రెండు చెవులూ మూసుకుంది.

"వద్దు మామా! చెప్పొద్దు. నీకు దండం పెడతా. నేను ఇని తెలుసుకుంటా."

"సాయం చేస్తాంటే వద్దంటావేంది?"

"ఒకసారి అయింది సాయం. నేను అడిగినదానికి నిజం చెప్పు, అంతే చాలు."

చిత్రంగా, అదొక్కటే నాకు చేతకాని పని. అలవాటుగా గండికోట మొదలుపెట్టాను. ఆమె రాసుకుంది. రేగుచెట్టు దగ్గర ఒకసారి తలెత్తి చూసి మళ్లీ రాసుకుంది. తర్వాత నాడి పట్టుకుంది, మెడ మీద నరం చూసింది, అరచేయి ఛాతీ మీద ఆనించింది. స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో రుద్ది వెచ్చచేసి పెట్టింది. నన్ను నాలుగుసార్లు లేచి కూర్చోమని, ఎడమపక్కకు తిరిగి పడుకోమని, రొమ్ము కింద ఒకచోట బిళ్లను తేలిగ్గా ఆనించి కళ్లు మూసుకుంది.

నేను ఆమె ముఖమే చూస్తున్నాను. వార్డులో ట్రాలీ చప్పుడు, ఎవరిదో దగ్గు, బయట పులివెందుల బస్సు హారను. ఇవేవీ ఆమె దగ్గరకు చేరడం లేదు. నా లోపల యాభై ఏళ్లుగా కొట్టుకుంటున్నదాన్ని, నేనొక్కసారీ విననిదాన్ని, ఇరవై మూడేళ్ల పిల్ల కూర్చుని వింటోంది. నేను కథ చెబితే జనం వినడం చూశాను కానీ, నోరు మూసుకున్న నన్ను ఎవరైనా అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

కళ్లు తెరిచి, తాను రాసుకున్న కాగితం చూసుకుంది. దాని మీద అడ్డగీత గీసింది.

"మామా, ఇంకోసారి అడుగుతా. పడినాక రెండు మోకాళ్లూ ఒకే రోజు వాచినాయా? లేకుంటే ఒకటి తగ్గినాక ఇంకోటా?"

నేను దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కున్నాను.

"దానికి ముందు గొంతు నొప్పి, జ్వరం వచ్చినాయా?"

నాకు గుర్తొచ్చింది. గొంతులో ముద్ద దిగని నొప్పి. కుడి మోకాలు కుండలా వాచింది. అది తగ్గిందని నవ్వుకున్న రోజే ఎడమ చీలమండ, తర్వాత మోచేయి. దుప్పటి తగిలినా ఏడ్చేవాణ్ణి.

"తగ్గినాక మూడు వారాలకొకసారి సూది ఏస్తాండిరా? తుంటికి?"

"అది నీకెట్లా తెలుసు పాపా?"

"ఏసినారా, లేదా? మధ్యలో ఆపేసినారా?"

వేశారు, ఆపేశారు. అన్నిటికీ తలూపాను. మా నాయన నన్ను భుజాన మోసుకుని జమ్మలమడుగులో కాంపౌండరు దగ్గరకు తీసుకుపోయేవాడు. మరుసటేడు చదువుకని పులివెందులలో మా చిన్నమ్మ ఇంటికి పంపారు, సూదులు అంతటితో ఆగిపోయాయి. బడిలో పిల్లలు, దెబ్బ కూడా తగలకుండా రెండు నెలలు పడుకుని ఏడ్చాడని ఎగతాళి చేశారు. అప్పుడు పడ్డాను గండికోట నుంచి, పులివెందుల బడి అరుగు మీద కూర్చుని. నలభై ఏళ్లలో ఈ సంగతి మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. ఆ పిల్లకు కూడా నా అంతట నేను చెప్పలేదు. నా గుండె చప్పుడులో విని చెప్పింది.

గంట మోగింది. పెద్ద డాక్టరు తెరలోకి వచ్చారు, తెల్లటి మీసాలాయన, చేతిలో నా కేసుషీటు. ఆ పిల్ల నిలబడి చెప్పింది. మొదట గొంతు వణికింది. చిన్నప్పటి గొంతునొప్పి జ్వరమే కవాటాన్ని పాడుచేసిందని, దాంతోనే కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాచాయని, అది తిరగబెట్టకుండా వేసే సూదులు మధ్యలో ఆపేశారని చెప్పేసరికి నిలకడ వచ్చింది. ఆయన చేయెత్తి ఆపారు.

"ఆగమ్మా. కేసుషీటులో ఇవేవీ లేవు. చిన్నప్పుడు ఎత్తు నుంచి పడ్డాడని ఉంది. మైట్రల్ స్టెనోసిస్ అని ఎవరో నీకు చెప్పారు. దానికి పుస్తకంలో ఉండే కథను నువ్వు తెచ్చి అతికించావు. అవునా?"

ఆమె తన చేతిలోని కాగితం వైపు చూసుకుంది. పోయినసారి కూడా ఇట్లాగే నిలబడి ఉంటుంది. ఆ షీటులో రాసి ఉన్న ప్రతి అక్షరం నాది.

లేచి కూర్చున్నాను.

"సార్, నేను పడలేదు."

"ఏమిటి?"

"గండికోట నుంచి నేను పడలేదు సార్. రేగుచెట్టు లేదు. గాలిపటం కూడా లేదు. ఆ షీటులో ఉండేదంతా నేను చెప్పిన అబద్ధం. ఈ పాప చెప్పిందే నిజం. జబ్బు పేరు చెప్పబోతే చెవులు మూసుకునింది సార్."

తెర అవతల నుంచి వేముల ఆయన గొంతు: "థూ నీ! గొర్రెలు కూడా లేవా మామా?"

"లేవప్పా."

పెద్ద డాక్టరు మీసాల చాటున నవ్వు దాచుకుని నన్ను మళ్లీ మొదట్నుంచి అడిగారు. ఏ కీలు, ఎన్ని రోజులు, సూది ఎక్కడ. అన్నీ సరిపోయాయి. తర్వాత ఆమె వైపు తిరిగారు.

"ఆయన పడ్డానని అంత బాగా చెబితే నువ్వెందుకు నమ్మలేదు?"

"మొదట నమ్మినా సార్," అంది. "విన్నాక, చప్పుడు ఆ కథది కాదనిపించింది."

ఆయన తన స్టెతస్కోపు తీసి, ఆమె చూపించిన చోటే పెట్టి విన్నారు.

నా కవాటాన్ని తొడలోంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్ ఉబ్బించి వెడల్పు చేశారు. నెల తర్వాత చూపించుకోవడానికి పోతే, వార్డులో ఆ పిల్లే రక్తం సీసాల ట్రే పట్టుకుని పరుగున వచ్చింది. కోటు మీద హౌస్ సర్జన్ అని బిళ్ల. పడుకోబెట్టి అదే చోట విని, "శానా తగ్గిపోయింది మామా," అంది. ఆ మాటలో సంతోషంతో పాటు, తనకు తెలిసిన మనిషి ఊరు విడిచిపోయినట్టు కొంచెం దిగులు కూడా ఉందని నాకనిపించింది. ఇది నా కల్పన కావచ్చు.

ఇప్పుడు కొట్లో పాత ఖాతాదారులు వాళ్ల పిల్లల్ని తెచ్చి, "గండికోట కథ చెప్పన్నా," అని అడుగుతారు.

"నేను పడలేదమ్మా," అంటాను. "ఒక పాప నా గుండె విని కనుక్కునింది, నాకు మోకాళ్లు వాచినాయని, సూదులు ఏసినారని, మధ్యలో ఆపినారని కూడా."

వాళ్లు ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వుతారు.

"పోన్నా! గుండె వింటే సూదులు కనపడతాయా యాడన్నా? అబద్ధానికైనా ఒక హద్దుండాల. ఆ గొర్రెల దగ్గర నుంచి చెప్పు."