కంప్యూటర్లో సైరన్ మోగిన మధ్యాహ్నం

మాది చీరాల. మావారు చీరలు నేస్తారు. ఆ చీరల అంచులకు నేను కంప్యూటర్లో డిజైన్లు గీస్తాను. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తుంటే, స్క్రీన్ ఎర్రబడి సైరన్ మోగింది. ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఇంగ్లీషులో ఒకటే హెచ్చరిక. ఏళ్ల తరబడి గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. గబగబా ఫోన్ అందుకున్నాను.

ఆ నంబరు నొక్కబోతుంటే మా అత్తయ్య వచ్చారు.

“ముందా గోల ఆపమ్మా, పాప లేచింది!” అంటూ స్విచ్ కట్టేశారు.

వెంటనే గుంటూరులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను.

“ఆ నంబరుకు మాత్రం చేయకక్కా, దొంగలు వాళ్లు. నెట్ వైరు పీకేసి, కంప్యూటర్ ఆన్ చేసి స్కాన్ పెట్టు” అన్నాడు.

స్కాన్ నత్తలా నడిచింది. కూర్చోలేక వంటింటికీ కంప్యూటర్‌కీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. పొయ్యిమీద వంకాయ కూర మాడిపోయింది. చివరికి ‘వైరస్ దొరికింది, తొలగించాలా?’ అని అడిగింది. మళ్లీ తమ్ముడికి ఫోన్ చేశాను.

“దాంతోపాటు నా డిజైన్లు కూడా పోతే ఎలారా?”

“పోవక్కా, నొక్కు.”

కళ్లు మూసుకుని నొక్కాను. ఫోల్డర్ తెరిస్తే నెమళ్ల అంచు, మామిడి పిందెల అంచు, అన్నీ ఉన్నాయి. ఏడుపొచ్చేసింది.

అప్పుడే మావారు మగ్గం దగ్గర్నుంచి కేకేశారు. “ఏమోయ్, కొత్త డిజైన్ అయిందా?”

ఇప్పుడు డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోనూ దాస్తున్నాను. అయినా వీధిలో అంబులెన్స్ వెళ్తే చాలు, ముందు కంప్యూటర్ వైపే చూస్తాను.