చెరువులో పేలుడు జరగలేదు

ఎక్కడో దూరదేశంలో భూమి అడుగున అణుబాంబు పేల్చి పరీక్షిస్తే ఆ సంగతి ఇక్కడ కూర్చుని పసిగట్టడం నా ఉద్యోగం. వినేవాళ్లకి నవ్వొస్తుంది, నాకు అలవాటైపోయింది. పేలుడుకి రెండు జాడలుంటాయి. నేలలోంచి వచ్చే కుదుపు ముందు చేరుతుంది. గాలిలోంచి వచ్చే అల తీరిగ్గా, చాలాసార్లు చెవికి అందనంత మంద్రంగా వస్తుంది. భూకంపంలో నేల పక్కకి జారుతుంది, పేలుడులో అన్ని వైపులకీ ఒక్కసారే తోస్తుంది. ‘మేం పేల్చలేదు, అది భూకంపం’ అని ఏ దేశమైనా బుకాయిస్తే మేం చూసేది ఆ తేడానే.

ఆమధ్య ఏలూరు నుంచి వెళ్లి కొల్లేరులో ఒక చేపల చెరువు గట్టున పరికరాలు పెట్టాను. బురదనేల ఈ పనికి బాగోదని నాకూ తెలుసు. కానీ దూరపు పేలుడు దొరకాలంటే ముందు దగ్గరి సద్దులు గుర్తుపట్టి తీసేయడం రావాలి. లారీలు, చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు, కొంగల్ని తోలడానికి పేల్చే టపాకాయలు, అన్నీ అక్కడ పుష్కలం. చెరువు కాపలాదారు రోజూ పరికరం మీద గోనెపట్టా కప్పి, “మంచు పడుతుందండీ మేడంగారూ” అనేవాడు. వద్దని చెప్పి చెప్పి విసిగిపోయాను.

ఒక మబ్బు పట్టిన ఉదయం చెరువు నిండా చేపలు చచ్చి తేలాయి. తెల్లవారుజామున ఢామ్మని చప్పుడు విన్నామని పక్క గట్టువాళ్లు అన్నారు. ఇంకేం, దొంగలు నీళ్లలో మందుగుండు పేల్చి చేపలు పట్టుకుపోయారని, కాపలాదారే వాళ్లని రానిచ్చాడని చెరువు రైతు తేల్చేశాడు. టీకొట్టు దగ్గర పదిమంది ముందు దొంగ అన్నాడు.

కాపలాదారు సరాసరి నా దగ్గరికొచ్చాడు.

“మీ మిషను అబద్ధం ఆడదంటారు కదండీ. అదేం విందో ఆ టీకొట్టు దగ్గరికే వచ్చి చెప్పండి మేడంగారూ.”

గీతలు తీసి చూశాను. నీళ్లలో పేలితే ముందు నేల కదలాలి. కదల్లేదు. గాలి అల ఒక్కటే ఉంది, అదీ చిన్నది. పక్క చెరువులో కొంగల కోసం ఎవరో కాల్చిన టపాకాయ. అక్కడితో ఆగితే హాయిగా ఉండేది. కానీ దానికి చాలా ముందే ఏరేటర్ల సద్దు చటుక్కున ఆగిపోయింది, తెల్లారేదాకా మళ్లీ లేదు. కరెంటు పోయింది. జనరేటర్ వేయాల్సిన కాపలాదారు నిద్రపోయాడన్నమాట. నీళ్లలో ఆక్సిజన్ అందక చేపలు చచ్చిపోయాయి.

ముందు అతనికే చెప్పాను. టీకొట్టు దగ్గర పేలుడు జరగలేదన్నంత వరకే చెబుతానన్నాను. నా వృత్తిలో అలా అనకూడదు, అయినా అన్నాను.

అతను కాసేపు తల గోక్కున్నాడు. “సగం చెబితే మీ మాటెవరు నమ్ముతారండీ. రెండూ చెప్పేయండి.”

టీకొట్టు దగ్గర రెండూ చెప్పాను. రైతు గ్లాసు కింద పెట్టాడు. “దొంగ కాదన్నమాట. సరేనండి. కానీ ఇలా పడుకునేవాణ్ణి నేను పెట్టుకోలేను” అన్నాడు.

కాపలాదారు అక్కడున్నవాళ్ల మొహాలన్నీ వరసగా చూశాడు. “అందరూ విన్నారు కదండీ, దొంగ కాదన్నారు.”

ఆ మధ్యాహ్నమే సంచి సర్దుకుని ముదినేపల్లి బస్సెక్కాడు. అతని పని పోయిందని నాకు చాలా బాధేసింది. అతను మాత్రం బస్సు మెట్టు మీద నించుని నవ్వుతూ చెయ్యూపాడు.