పని ముగియకముందే వెలిగిన పచ్చ గుర్తు

ఏళ్లుగా దీన్ని మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. నా భార్యకు తెలియదు. అమ్మకు తెలియదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెప్పగలుగుతున్నాను.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కంప్యూటర్ చదువు అయిన కొత్తలో విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. రైతు మూటలు తెస్తే బరువు ఎక్కించడం, చీటీ ఇవ్వడం, అంతే దాని పని. అంత చిన్న పనికి నేను పెళ్లికూతురి అలంకారం చేశాను. బొత్తాం నొక్కితే తెర మెల్లగా మసకబారేది, మధ్యలో ఒక వలయం తిరిగేది, అది విచ్చుకుని పచ్చటి టిక్కు గుర్తయ్యేది. యజమాని చూసి సినిమాలా ఉందని భుజం తట్టారు. నేను పొంగిపోయాను.

నిజానికి ఆ వలయానికీ లోపల జరిగే పనికీ సంబంధం లేదు. వివరాలు భద్రమయ్యేదాకా ఆగితే యానిమేషన్ తడబడి వికారంగా కనిపించేది. అందుకని పని ముగిసినా ముగియకపోయినా గుర్తు వచ్చేలా రాశాను. మండీలోని పాత కంప్యూటర్‌కు నా సోకులే మోయలేని బరువు. అసలు పని వెనకబడిపోయేది. అలా జరగొచ్చని నాకు తెలుసా? తెలుసు. నా కంప్యూటర్‌లో బాగానే నడుస్తోంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

అక్కడ బరువులు ఎక్కించే ఆవిడ మా ఊరి మనిషే, తెలుగింటి మనిషి. ఆమె జీతంతోనే ఆ ఇల్లు నడిచేది. నేను అక్కా అనేవాణ్ని. సాయంత్రం రైలు తప్పిపోతుందని, చివరి చీటీ ఇచ్చి, పచ్చ గుర్తు పడగానే కంప్యూటర్ ఆపేసి పరుగెత్తేది. అలా ఆపిన కొన్ని సాయంత్రాలు చివరి మూటల బరువు లోపలికి ఎక్కనే లేదు. ఒకసారి కారియాపట్టి రైతు చీటీ పట్టుకుని వచ్చాడు. కంప్యూటర్‌లో ఆ బరువు లేదు. వెతికితే అలాంటివి ఇంకొన్ని బయటపడ్డాయి. మూటలన్నీ అప్పటికే కుప్పలో కలిసిపోయాయి, ఎవరివి ఎన్నో తేల్చేదెవరు? రైతులతో కుమ్మక్కై ఆమె దొంగ చీటీలు ఇస్తోందన్నారు యజమాని. నన్ను పిలిపించారు.

అందరి ముందూ ఆమె నాకేసి తిరిగి మా ఇంటి మాటలో అడిగింది.

“నువ్వన్నా చెప్పు తమ్ముడూ. పచ్చ గుర్తు పడినంకనే గదా నేను మిషను ఆపేది? అది పడకుండా ఒక్కనాడన్నా లేస్తినా?”

తప్పెక్కడుందో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. తెలుగు రానివాడిలా యజమాని వైపు తిరిగి, సిస్టంలో తప్పు రాదు సార్ అని తమిళంలో చెప్పాను. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ భయం ఒక్కటే అయితే మర్నాడైనా వెళ్లి చెప్పేవాణ్ని. ఆ గుర్తు అబద్ధమని ఒప్పుకుంటే నాకు పని రాదని తేలిపోతుంది. ఒక మనిషి దొంగగా మిగిలిపోవడం కన్నా అదే నాకు పెద్ద నష్టంగా తోచింది. ఎంత నీచం! ఆ వారమే చడీచప్పుడు లేకుండా లోపం సరిచేసి, మెరుగులు దిద్దానని యజమానికి చెప్పాను. ఆయన మళ్లీ మెచ్చుకున్నారు.

ఆమె తర్వాత కోవిల్‌పట్టిలోనే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరింది. మండీలో చేతివాటం చూపిందట అని మా వీధిలో ఇప్పటికీ అంటారు. నేను విని ఊరుకుంటాను. ఈమధ్య కడంబూరులో ఒక పెళ్లిలో ఎదురుపడి అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. విస్తరి వైపు చూస్తూ జవాబు చెప్పాను. ఆమెకు తెలుసా? తెలిసే అడిగిందా?

ఆమె దొంగ కాదు. ప్రతి మూటనూ ఆమె ఎక్కించింది. పోగొట్టింది నేను. ఈ మాట ఇన్నాళ్లకు బయటికి అన్నాను, గుండె కాస్త తేలికైంది. ఆ తేలికకు కూడా సిగ్గేస్తోంది. ఆమెను దొంగ అన్నవాళ్లలో ఒక్కరికీ నేనింకా చెప్పలేదు.