దేవుడి గది మీద పెంకులు

మొన్న భోగాపురం దగ్గర కొత్తగా కడుతున్న ఒక హోటల్‌కి పనికెళ్ళాను. విమానాశ్రయం వస్తోందని అటువైపు ఎక్కడ చూసినా హోటళ్ళే లేస్తున్నాయి. గోడలు సిమెంటువి కావాలట, పైకప్పు మాత్రం అమ్మమ్మల కాలం నాటి పెంకుటిల్లులా ఉండాలట. ఎక్కడో పడగొట్టిన ఇళ్ళ పెంకులు లారీలో తెచ్చి గుట్టగా పోశారు. ఒకటి తీసి ఎడమచేత్తో వేలాడదీసి, వేలి మెటికతో కొట్టాను. ఖంగుమంది. రెండోదాన్ని కొడితే జలుబు చేసిన గొంతులా బొంగురుగా పలికింది. దాన్ని పక్కన పడేశాను. ఇంజినీరు బాబు చూసి నవ్వాడు. "ఏంటమ్మా, కుండలు బేరం చేస్తున్నావా?" అన్నాడు. బొంగురు పెంకు లోపల చీలి ఉంటుందని, పైకి కనపడదని చెప్పాను. ఎవరు నేర్పారని అడిగాడు. పైడయ్య మేస్త్రి అన్నాను. ఆ బాబుకి ఆ పేరెలా తెలుస్తుంది? తెలిసినవాళ్ళే ఇప్పుడు నలుగురైదుగురికి మించి లేరు. అందుకే రాస్తున్నాను.

పైడయ్య మేస్త్రిది శ్రీకాకుళంలో మా వీధే. చుట్టరికం లేదు గానీ మావా అని పిలిచేదాన్ని. పాత పెంకుటిళ్ళు నేయడం, అంటే పైన పెంకులు పేర్చడం, కారితే బాగుచేయడం, ఇదే ఆయన పని. అటు పాతపట్నం దాకా ఆయన చూసే ఇళ్ళుండేవి. ఏటా ఎండాకాలం చివర, మృగశిర కార్తె రాకముందే, ఒక్కో ఇంటికీ వెళ్ళి పైకప్పు చూసి రావాలి. నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవయ్యారేళ్ళు. నా మొగుడు పనికని సూరత్ వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఆ వెధవ కథ ఇక్కడ అనవసరం. ఇద్దరు పిల్లల్ని సాకాలి, అందుకని నిచ్చెన మీద నిలబడి పెంకులందించే కూలికి కుదిరాను.

మిగతా మేస్త్రీలు రావడంతోనే నిచ్చెన వేస్తారు. ఈయన ముందు ఇంట్లోకి వెళ్ళేవాడు. తలుపులూ కిటికీలూ మూయించి, మిట్టమధ్యాహ్నం ఆ చీకట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. పైన చిల్లుంటే సూదిమొనంత వెలుగు దిగుతుంది. ఇంటాయన ఏదో చెప్పబోతే, "నీకేటి తెలస్తాది బాబూ, వానొస్తే నువ్వు ముసుగెట్టి తొంగుంటావు. గిన్నెలెట్టీది అమ్మగారు. ఏ గిన్ని ఏ కాడ ఎడతారో అమ్మగార్ని సెప్పమను" అనేవాడు. ఆడవాళ్ళు చూపించిన చోటల్లా నేలమీద సుద్దతో గుర్తు పెట్టేవాడు. అయితే ఆ గుర్తుకి సరిగ్గా పైనున్న పెంకుని ముట్టుకునేవాడు కాదు. నీళ్ళు ఎక్కడో పైన దూరి, వాసం వెంబడి జారి, ఇంకెక్కడో పడతాయి. "కారిన కాడ ఎతికితే ఏటి దొరుకుతాదే రవణా? దానికి పైనెతుకు" అని నన్ను కసిరేవాడు. సిమెంటంటే ఆయనకి ఒళ్ళుమంట. ఎండకీ వానకీ కర్ర కదులుతుంది, సిమెంటు కదలదు, పగిలి నీళ్ళు పట్టుకుంటుంది. పగిలిన పెంకు తీసి మంచిది పెట్టాలి గాని, "సిమెంటు పూసీవోడు మేస్త్రి కాడే, దొంగ" అనేవాడు.

మా పనిలో ఒక కట్టు ఉండేది. ఆడది పెంకులు అందించొచ్చు గాని నేయకూడదు. పైకప్పు నడినెత్తిన ఉండే కొప్పు ఆడది ఎక్కితే ఇంటికి అరిష్టమట. దేవుడి గది మీదైతే మరీనట. అందరూ అనేవారు, ఆయనా అనేవాడు, నిజం చెప్పాలంటే నేనూ నమ్మేదాన్ని. పని ముగిసిన రోజు ఇంటివాళ్ళు మేస్త్రికి పళ్ళెంలో తాంబూలం, కొత్త తువ్వాలు పెట్టేవారు. ఆయన ఆ తువ్వాలు భుజాన వేసుకుని వీధంతా నడిచి బస్సు ఎక్కేవాడు.

నేను చేరిన నాలుగో ఏడు ఆయన కుడి మోకాలు పాడైంది. ఎవరికీ చెప్పలేదు. ఒక ఊళ్ళో పశువుల శాల నేయడానికి వెళ్ళాం. నిచ్చెన సగం ఎక్కి దిగిపోయాడు. చెమటలు కారుతున్నాయి. "ఎక్కవే" అన్నాడు.

"నానా?"

"నీ ఎనకాల ఇంకెవులైనా ఉన్నారేటి? ఆవులేటి అనవు గాని, బేగి ఎక్కు."

ఎక్కాను. మొదటి అడుగుకే కాళ్ళకింద రెండు పెంకులు పుటుక్కుమన్నాయి. "ఓలమ్మో, కొంపలు తీసినావే! పెంకు నడిమిన కాదే గుంటా, పెంకు మీద పెంకెక్కిన కాడ అడుగెయ్యి. కింద కర్రుంటాది" అని అరిచాడు. సాయంత్రానికి గొంతు పోయేలా తిట్టి, మొత్తానికి నాచేత ఆ శాల నేయించాడు.

అప్పటినుంచి రెండేళ్ళు మా పని ఇలా సాగింది. ఆయన లోపల చీకట్లో పొడవాటి వెదురుకర్ర పట్టుకుని కూర్చునేవాడు. పోయిన పెంకుని కిందనుంచి ఒకసారి తడితే తీసెయ్యమని, రెండుసార్లు తడితే పైకి జరపమని. పైన నేను. పెరట్లోకి ఎవరైనా వచ్చిన అలికిడైతే చాలు, ఆయన కుంటుకుంటూ బయటికొచ్చి, నిచ్చెన ఎక్కి, పెంకొకటి పట్టుకుని నిలబడేవాడు. నేను అప్పటికే దిగి, నిచ్చెన కింద అందించేదానిలా నిలబడేదాన్ని. "పైడయ్య చెయ్యి ఇంకా తగ్గలేదు" అని ఇంటివాళ్ళు మెచ్చుకునేవారు. తువ్వాలు ఆయన భుజం మీదికే వెళ్ళేది. సొమ్మొకడిది, సోకొకడిది. కూలి పోతుందన్న భయంతో నోరెత్తలేదు.

మూడో ఏడు వేసవిలో, ఇదే ఆఖరు, ఇంక మానేస్తానన్నాడు. ఆయన మానేస్తే ఆ ఇళ్ళన్నీ ఇంకో మేస్త్రి చేతికి పోతాయి. ఆ మేస్త్రి తన కూలీల్ని తెచ్చుకుంటాడు. ఇల్లు నేయడం వచ్చుండి నేను రోడ్డున పడతాను. బస్సులో అడిగేశాను.

"మావా, నేస్తన్నది నానేనని ఒక్క ముక్క సెప్పు. నువ్వు సెబితే నమ్ముతారు. ఈ ఇల్లన్నీ నానే సూసుకుంటాను."

"సెబితే ఉన్నయ్యి కూడా పోతాయి. నోరు మూసుకుని కూకో."

టెక్కలి దాటేదాకా ఆయన మొహం చూడలేదు నేను.

ఆ వారమే అకాల వాన పడింది. పాతపట్నం నుంచి సావిత్రమ్మ గారు ఫోన్ చేశారు. ఎనిమిది గదుల పెద్ద పెంకుటిల్లు వాళ్ళది. భర్త పోయాక వ్యవసాయమంతా ఆవిడే చూసుకుంటున్నారు, నోరు కూడా అంత ఉంది. మేము గుమ్మం ఎక్కకముందే అందుకున్నారు. "ఏటి పైడయ్యా ఇది? ఇల్లంతా సుక్క పడ్లేదు. నా దేవుడి గదిలో పటాలన్నీ నానిపోనాయి. దేవుడి మీద నీకేటి కోపం?"

నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కిందటేడు ఆ ఇంట్లో దేవుడి గది వైపు నన్ను రానివ్వలేదు. అదొక్కటీ తనే నేస్తానని పట్టుబట్టి ఎక్కాడు. నేను అవతలి వైపున ఉన్నాను, చూడలేదు. ఇప్పుడు నిచ్చెన వేసి తల పైకెత్తేసరికి కనిపించింది. నిచ్చెన మీదనుంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో పగిలిన పెంకు, దానిమీద సిమెంటు ముద్ద. అదీ నెర్రెలిచ్చి ఉంది. చేత్తో తీస్తే ఊడొచ్చింది. ఆ పెంకు తీసి కొత్తది పెట్టాలంటే పైకెక్కి మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఆ మోకాలితో అది ఆయన వల్ల కాలేదు. నేను దిగి, ఆ ముక్క ఆయన చేతిలో పెట్టాను.

ఆ ఊళ్ళో కోతులెక్కువ. ఇల్లు కారితే ఏ మేస్త్రి అయినా కోతుల మీదికే తోసేస్తాడు. సావిత్రమ్మ గారే అన్నారు, "కోతులు గాని లాగీసినాయేటి?" అని. ఇంకేం, ఔనంటే సరిపోయేది. నేను నేలచూపులు చూస్తున్నాను, అనేస్తాడనే అనుకున్నాను.

ఆయన ఆ ముక్కని అటూ ఇటూ తిప్పాడు. తిప్పీ తిప్పీ, "కోతులు కాదమ్మా" అన్నాడు. "తడవని ఏడు గదులూ ఈ పిల్ల నేసింది. తడిసింది నాను నేసినాను."

"ఏటీ?"

"రెండేళ్ళ బట్టీ నా ఇల్లన్నీ ఇదే నేస్తన్నాది. నాను నీడన కూకుంటన్నాను. ఇదొక్కటీ ఆడది ఎక్కరాదని నాను ఎక్కినాను. నా వల్ల కాలేదు."

సావిత్రమ్మ గారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. తిడతారనుకున్నాను. ఇంట్లోకి వెళ్ళి ఆ తడిసిన గది గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చారు. నా కాళ్ళకేసి చూసి, "నూతికాడ కాళ్ళు కడుక్కుని ఎక్కవే" అన్నారు. అంతే. చెంబుతో నీళ్ళు మేస్త్రే పోశాడు. ఆ రోజు ఆయన వెదురుకర్ర ముట్టలేదు. పెరట్లో అందరికీ కనపడేలా కూర్చున్నాడు.

పని అయ్యాక పళ్ళెం నా చేతికిచ్చారు. సంతోషం వేసిందని రాయాలేమో గాని, నాకు ఒళ్ళు మండింది. ఇంత చిన్నమాటకి రెండేళ్ళా! బస్సెక్కగానే అడిగాను, ఇన్నాళ్ళూ నోరెందుకు రాలేదని.

"బయమే. నీ పేరు సెబితే నా పేరు పోతాదని."

"మరిప్పుడు పోలేదేటి?"

"కిందటేడే నానే సిమెంటెట్టి పూసీసినాను కదే నా పేరు. ఇంక పోయీదేటున్నాది?" అని కిటికీ వైపు తిరిగాడు. ముసలాడు ఏడుస్తున్నాడు. నా కోపం అక్కడితో పోయింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

ఆ మాట ఊళ్ళకి పాకింది. నాలుగైదు ఇళ్ళవాళ్ళు మమ్మల్ని పిలవడం మానేశారు. ఆయన భయం ఉత్తిది కాదు. మిగిలిన ఇళ్ళు నేను చూసుకున్నాను, పిల్లలు చదువుకున్నారు. ఆయన మూడేళ్ళు మంచం మీద ఉండి కన్నుమూశాడు. ఆ మూడేళ్ళూ నేను పని నుంచి వచ్చి పక్కన కూర్చుంటే, ఏ ఇల్లు, ఎక్కడ కారింది, పైన ఏం దొరికిందని అడిగి అడిగి ప్రాణం తీసేవాడు.

పెంకు మోగించడం, కారే చోటు వెతకడం ఆయన నాకు తిట్టి నేర్పాడు. పాతపట్నంలో చెప్పిన ఆ ముక్క మాత్రం నేర్పుతున్నానని అనుకుని ఉండడు. ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా నిచ్చెన వేయకముందే ఇంటివాళ్ళని పిలిచి చెబుతాను. నేసేది నేనే, ఆడదాన్ని, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, బస్సుంది, వెళ్ళిపోతాను. ఉండమంటే దేవుడి గది కూడా నేనే ఎక్కుతాను. రేపు వానకి ఎక్కడైనా కారిందా, నన్నే పిలిచి తిట్టండి. పేరు రమణమ్మ.